మన ఫోన్, మన గుట్టు: ఏది ఇవ్వాలి, ఏది ఆపాలి

2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు. ఆయన సొంతూరు అడ్డతీగల పక్కనే ఉన్న రాజవొమ్మంగి మండలంలో ఉంది. కొండ దిగి, బతుకుదెరువు కోసం పట్నం చేరిన కుటుంబం అది. అవసరానికి ఫోన్‌లో లోన్ యాప్ ద్వారా అప్పు తీసుకున్నారు. వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఫొటోలు మార్ఫింగ్ చేసి తెలిసినవాళ్లందరికీ పంపుతామని బెదిరింపులు మొదలయ్యాయి. ఆ అవమానాన్ని తట్టుకోలేక ఇద్దరూ వెళ్లిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు.

పాత రోజుల్లో షావుకారు అప్పు వసూలుకు గుమ్మం ముందు నిలబడి అరిచేవాడు. ఆ అరుపు ఆ వీధి వరకే వినిపించేది. లోన్ యాప్ నడిపేవాడు మన ఊరు చూడలేదు, మన ముఖం చూడలేదు. అయినా మన అక్క నంబరు, బడి పంతులు నంబరు, పెళ్లి చూపులకు వచ్చినవాళ్ల నంబరు అతని దగ్గర ఉంటాయి. అవన్నీ యాప్ పెట్టుకున్న రోజు మనం నొక్కిన ఒక్క ‘అలౌ’తో వెళ్లినవే.

అడ్డతీగల, గంగవరం, వై.రామవరం వైపు ఇప్పటికీ సిగ్నల్ కోసం గట్టెక్కాల్సిన ఊళ్లున్నాయి. సిగ్నల్ లేకపోయినా ఫోన్ మాత్రం తప్పనిసరి అయిపోయింది. పింఛనుకు ఫోన్ నంబరు, స్కాలర్‌షిప్‌కు ఓటీపీ, ఉపాధి పనికి ఫొటో, రేషన్‌కు ఈకేవైసీ. అందుకే ఫోన్ వద్దని మేము చెప్పడం లేదు. ఫోన్ మన గురించి ఏమేం తీసుకుంటుందో, అందులో మన చేతిలో ఆపగలిగేది ఎంతో, ఆపలేని చోట ఏం అడగాలో ఒకచోట చేర్చి పెడుతున్నాం. దాచుకుని, ఇంట్లో పిల్లలతో కూర్చుని ఒక్కొక్కటిగా చేసుకోండి.

మన వేలిముద్రలకు ఒక చరిత్ర ఉంది

పేదల వివరాలు రిజిస్టరులో ఎక్కించి, దాంతో వాళ్లను అదుపు చేయడం ఈ దేశంలో కంప్యూటర్‌తో మొదలవలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కొన్ని జాతుల్లో పుట్టినందుకే మనుషుల పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, ఎక్కడికి వెళ్లాలన్నా హాజరు వేయించుకునేవారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టం మిగిల్చిన గుర్తు. 1952లో చట్టం పోయింది. ముద్ర మాత్రం చాలాకాలం పోలేదు.

ఒక మనిషి కులం, ఇల్లు, కదలికలు ఒకే పుస్తకంలో చేరితే, ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదాని మీద ఆ మనిషి బతుకు ఆధారపడుతుంది. ఈ రోజు ఆ పుస్తకం వెబ్‌సైట్ అయింది, యాప్ అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డవి

2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటికి కనిపించే స్థితిలో ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పేజీ, చంద్రన్న బీమా పేజీ.

2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల వివరాలు తెరిచి ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. పేరు, తండ్రి పేరు, పంచాయతీ, ఫోన్, ఖాతా నంబరు, ఆధార్, వాటి పక్కనే కులం, మతం. కులం, మతం ఎంచుకుని ఇళ్లు ఎక్కడున్నాయో చూసుకునే వీలు కూడా ఉందని అదే నెలలో వార్తలొచ్చాయి. ఆ తర్వాత ఆ పేజీలను తొలగించారు. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వ జనరిక్ మందుల దుకాణాల పేజీలో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా కనిపించింది.

దళితవాడ ఎక్కడుందో ఊళ్లో అందరికీ తెలిసిందే కదా, దాచేదేముంది అని కొందరు అడుగుతారు. ఊళ్లో తెలియడం వేరు. రాష్ట్రంలోని ప్రతి దళిత, ముస్లిం, ఆదివాసీ ఇంటిని ఒక గదిలో కూర్చున్నవాడు క్షణంలో జాబితా తీయగలగడం వేరు. ఇల్లు అద్దెకివ్వకూడదనుకునేవాడికి, గొడవల రోజు ఇళ్లు వెతుక్కునేవాడికి, ఓట్లు తీసేయాలనుకునేవాడికి ఆ జాబితా కావాలి.

ఇందులో ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఉపాధి హామీలో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి పడింది అన్నది గోడ మీద రాయాల్సిందే. సామాజిక తనిఖీలో దొంగ మస్టర్లు పట్టుకున్నది ఆ వివరాలతోనే. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్, కులం, ఇంటి లొకేషన్ అలా గోడకెక్కాల్సినవి కావు. ప్రభుత్వం పెట్టే ఖర్చు బయట ఉండాలి, మనిషి గుట్టు లోపల ఉండాలి. ఈ వ్యాసంలో మేము పట్టుకున్న కొలత ఇదే.

ఫోన్ నుంచి వివరాలు పోయే మూడు దారులు

మొదటిది యాప్. కాంటాక్ట్స్, ఫొటోలు, మెసేజ్‌లు, లొకేషన్, మైకు, కెమెరా కోసం అది పర్మిషన్ అడుగుతుంది. రెండోది ఫోన్‌లో వేసిన గూగుల్ ఖాతా. మనం వెతికినవి, చూసిన వీడియోలు, తిరిగిన చోట్లు అందులో నిల్వ అవుతాయి. మూడోది కౌంటర్: జిరాక్స్ షాపు, మీసేవ, సచివాలయం, సిమ్ అమ్మేవాడు, బ్యాంకు మిత్ర. మొదటి రెండు దారులను చాలావరకు మనమే మూసుకోవచ్చు. మూడోదానికి నోరు తెరిచి అడగాలి.

ఈ మూడింటి కింద నాలుగోది ఒకటుంది. దాన్ని సెట్టింగ్స్ ఆపలేవు. ఏ సిమ్ ఏ టవర్ దగ్గర ఉంది, ఎవరితో ఎంతసేపు మాట్లాడింది అన్న రికార్డు టెలికాం కంపెనీ దగ్గర ఉంటుంది. కనీసం 2 ఏళ్లు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ నిబంధన పెట్టింది. లొకేషన్ ఆఫ్ చేసినా టవర్‌కు మన జాడ తెలుస్తుంది.

ముందుగా పర్మిషన్లు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే చోట ‘పర్మిషన్ మేనేజర్’ అని కొట్టండి. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ‘అనుమతి’ అని ఉంటుంది. కంపెనీని బట్టి పేరు కొంచెం మారినా అన్ని ఫోన్లలోనూ ఇది ఉంటుంది. అందులో కాంటాక్ట్స్ నొక్కితే ఏయే యాప్‌లు మన నంబర్లు చూస్తున్నాయో జాబితా వస్తుంది. ఇలా ఒక్కొక్కటీ చూడండి.

కాంటాక్ట్స్: ఫోన్, మెసేజ్, వాట్సాప్ తప్ప మిగతా చాలా యాప్‌లకు ఇది అక్కర్లేదు. ఆటలకు, టార్చికి, ఫొటోలు అందంగా చేసే యాప్‌లకు అసలే అక్కర్లేదు. అక్కర్లేనివాటికి ‘డోంట్ అలౌ’ పెట్టండి.

మెసేజ్‌లు: ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ ఉన్న యాప్‌కు ఓటీపీ కూడా కనిపిస్తుంది. మెసేజ్ యాప్, బ్యాంకు యాప్, డబ్బు పంపే యాప్ తప్ప ఇంకేది కనిపించినా తీసేయండి.

లొకేషన్: ‘ఎప్పుడూ’ అన్నచోట ఏదీ ఉండకూడదు. మ్యాప్ లాంటివాటికి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి.

ఫొటోలు: కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో గ్యాలరీ మొత్తం ఇవ్వకుండా ‘ఎంచుకున్న ఫొటోలు మాత్రమే’ ఇచ్చే వీలుంది. ఒక ఫొటో ఎక్కించడానికి గ్యాలరీ అంతా తెరిచివ్వొద్దు.

మైకు, కెమెరా: ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో ఏదైనా యాప్ వీటిని వాడుతుంటే తెర పైమూల ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. మనం మాట్లాడనప్పుడు, ఫొటో తీయనప్పుడు ఆ చుక్క కనిపిస్తే తెర పైనుంచి కిందికి లాగి ఏ యాపో చూడండి.

యాక్సెసిబిలిటీ: చూపు లేనివాళ్లకు, చేతులు సరిగా ఆడనివాళ్లకు సాయంగా పెట్టిన సదుపాయం ఇది. మోసపు యాప్‌లు దీన్నే అడుగుతాయి. ఇస్తే తెర మీద ఉన్నదంతా చదవగలవు, మన బదులు అవే నొక్కగలవు. సెట్టింగ్స్‌లో వెతికి, తెలియని పేరుంటే ఆపేయండి.

ఆఖరుకు, ఆరు నెలలుగా తెరవని యాప్‌లను తీసేయండి. ఒకటి మాత్రం మరవొద్దు: యాప్ తీసేస్తే ఇకపై తీసుకోవడం ఆగుతుంది, అంతకుముందే పట్టుకెళ్లినవి వెనక్కి రావు. అందుకే పర్మిషన్ ఇచ్చే ముందే ఆలోచించాలి.

గూగుల్ ఖాతా, ప్రకటనలు

సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మీ ఖాతా, అందులో ‘డేటా, ప్రైవసీ’ తెరవండి. మూడు మీటలు కనిపిస్తాయి: వెబ్, యాప్ యాక్టివిటీ, టైమ్‌లైన్, యూట్యూబ్ హిస్టరీ. మూడింటినీ ఆపొచ్చు. ఆపడం ఇష్టం లేకపోతే 3 నెలలకోసారి దానంతటదే చెరిగిపోయేలా పెట్టొచ్చు. అదే గూగుల్ సెట్టింగ్స్‌లో ‘యాడ్స్’ దగ్గర అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించే మీట ఉంటుంది. చాలా యాప్‌లు మనల్ని ఒకే మనిషిగా గుర్తుపట్టి వెంటపడేది ఆ ఐడీతోనే. తొలగించినా ఫోన్ పనిలో తేడా రాదు, డబ్బు ఖర్చు లేదు.

మన ఊళ్లలో చాలా ఫోన్లకు గూగుల్ ఖాతా షాపువాడో, చదువుకున్న బంధువో తెరిచి ఇచ్చి ఉంటారు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికి తెలిస్తే వాళ్లకు మన ఫొటోలు, నంబర్లు, తిరిగిన చోట్లు కూడా అందుతాయి. అదే తెరలో ‘సెక్యూరిటీ’ కింద ‘మీ పరికరాలు’ చూడండి. తెలియని ఫోన్ ఉంటే బయటికి పంపి, పాస్‌వర్డ్ మార్చండి.

ఇది ఆడవాళ్లకు, కులాంతర ప్రేమల్లో, పెళ్లిళ్లలో ఉన్నవాళ్లకు ప్రాణాల మీది విషయం. ఇల్లు వదిలిన రోజు సిమ్ మార్చి, పాత గూగుల్ ఖాతా అలాగే ఉంచితే, ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లో జాడ కనిపించవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ‘లొకేషన్ షేరింగ్’, ఖాతాలో ‘ఫ్యామిలీ గ్రూప్’, వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’, ఈ మూడూ ముందే చూసుకోవాలి.

వాట్సాప్

వాట్సాప్ మెసేజ్‌ను పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప దారిలో ఎవరూ చదవలేరు. ఎవరు ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్నది, ప్రొఫైల్ ఫొటో, గ్రూపుల పేర్లు వేరే సంగతి. ‘ప్రైవసీ’లో ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ ‘మై కాంటాక్ట్స్’కు పెట్టండి. గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చన్నదీ అలాగే పెట్టండి. ‘టూ స్టెప్ వెరిఫికేషన్’లో 6 అంకెల పిన్ పెట్టండి. ఓటీపీ ఎవరికైనా చెప్పినా ఆ పిన్ లేకుండా మన వాట్సాప్ వాళ్ల ఫోన్‌లో తెరుచుకోదు.

సచివాలయం గ్రూపులోనో, ఊరి గ్రూపులోనో ఆధార్, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువపత్రం ఫొటో పెట్టే అలవాటు మానుకుందాం. రెండు వందల మంది ఉన్న గ్రూపులో పెట్టిన ఫొటో రెండు వందల ఫోన్లలో దిగుతుంది. తప్పనిసరైతే ఆ ఉద్యోగికి విడిగా పంపి, పనయ్యాక ‘అందరికీ డిలీట్’ చేయండి. దానికి సుమారు రెండు రోజుల గడువే ఉంటుంది.

లోన్ యాప్‌లు, ఏపీకే ఫైళ్లు

2021 నవంబరులో రిజర్వు బ్యాంకు నియమించిన బృందం తన నివేదికలో, యాప్ స్టోర్లలో కనిపించిన సుమారు 1,100 లోన్ యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని చెప్పింది. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వచ్చాయి. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోలు, ఫైళ్ల జోలికి వెళ్లకూడదు. గుర్తింపు తనిఖీకి మాత్రం కెమెరా, మైకు, లొకేషన్ ఒక్కసారి, మన అనుమతితో వాడవచ్చు. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్ కూడా ఇదే నియమం పెట్టింది.

అంటే గుర్తు తేలిక: అప్పిచ్చే యాప్ కాంటాక్ట్స్ అడిగిందంటే అది నియమం దాటింది. అక్కడే ఆగండి. 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో, నియంత్రణలో ఉన్న సంస్థలు వాడే లోన్ యాప్‌ల జాబితా పెడుతోంది. అప్పు తీసుకునే ముందు అందులో పేరుందో లేదో చదువుకున్న పిల్లలతో చూపించుకోండి.

రెండో ప్రమాదం ఏపీకే ఫైలు. ‘పీఎం కిసాన్’ అనో, ‘చలానా’ అనో, ‘బ్యాంకు కేవైసీ’ అనో వాట్సాప్‌లో వస్తుంది. నొక్కితే యాప్‌గా దిగుతుంది, మెసేజ్‌లు చదివే పర్మిషన్ అడుగుతుంది, ఓటీపీ పట్టుకుని ఖాతా ఖాళీ చేస్తుంది. ఏ ప్రభుత్వ పథకం యాప్‌నూ వాట్సాప్ ఫైలుగా తీసుకోవద్దు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, వాట్సాప్, క్రోమ్ పక్కన ఆ మీట ఆపేసి ఉందో లేదో చూడండి. ఈ పని ఒక్కటి చేసినా సగం గండం తప్పుతుంది.

ఆధార్, జిరాక్స్ షాపు, వేలిముద్ర

ఏజెన్సీలో ఒక పని కోసం మండల కేంద్రానికి దిగితే ముందు ఆగేది జిరాక్స్ షాపు దగ్గరే. ఆధార్ కాపీ వాట్సాప్‌లో పంపించుకుని ప్రింటు తీస్తారు. ఫైలు ఆ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. కళ్ల ముందే డిలీట్ చేయమని, రీసైకిల్ బిన్ ఖాళీ చేయమని అడగండి. ఇది మన హక్కు, మొహమాటపడే పని కాదు. జిరాక్స్ మీద అడ్డంగా ‘ఫలానా పనికి, ఫలానా తేదీ’ అని పెన్నుతో రాసి సంతకం పెట్టండి. ఆ కాపీతో ఇంకో సిమ్ తీయడం కష్టమవుతుంది.

పూర్తి నంబరు అవసరం లేని చోట ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వొచ్చు. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ఆధార్ నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా తీసుకోవచ్చు. రెండూ ఆధార్ వెబ్‌సైట్‌లో ఉచితం.

వేలిముద్ర సంగతి జాగ్రత్తగా చూడాలి. 2018లో తెలంగాణలో ఒక సిమ్ వ్యాపారి, ఆన్‌లైన్‌లో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్‌లు తెరిచిన కేసు బయటపడింది. అలాంటి మోసానికి అడ్డుగా ఆధార్ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. పట్నంలో జీతగాడికి అది మంచి సలహా. మన దగ్గర మాత్రం లాక్ వేస్తే రేషన్ మిషన్ దగ్గర, పింఛను దగ్గర, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పనిచేయదు. లాక్ తీయడానికి ఓటీపీ కావాలి, ఓటీపీకి సిగ్నల్ కావాలి. కాబట్టి నెలనెలా వేలిముద్రతో బియ్యం, డబ్బు తీసుకునే కుటుంబంలో దీన్ని ఆలోచించి పెట్టుకోండి. బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. ‘పడలేదు, మళ్లీ పెట్టు’ అంటే ముందుదానికి డబ్బు పోలేదని చూపించాకే మళ్లీ పెట్టండి.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మనవి కానివాటిని అక్కడే ‘నాది కాదు’ అని నమోదు చేయొచ్చు. ఇదే సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే వేసి ఇవ్వాలని 2025 నవంబరు చివర్లో కేంద్రం ఆదేశించింది. దేశమంతా అభ్యంతరం చెప్పడంతో రోజుల్లోనే, డిసెంబరు 3న, వెనక్కి తీసుకుంది. అడిగితే ఆగుతుందనడానికి ఇది తాజా ఉదాహరణ.

కాదనలేని యాప్‌లు

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్లన్నిటా ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయింది. అంగన్‌వాడీలో పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి ముఖం ఫొటో తీసి సరిచూశాకే ఇంటికిచ్చే సరుకు ఇమ్మన్నారు. ఇవి మన ఫోన్‌లో లేవు, మేట్ ఫోన్‌లో, అంగన్‌వాడీ టీచరు ఫోన్‌లో ఉన్నాయి. ‘డోంట్ అలౌ’ నొక్కే అవకాశం మనకు లేదు. కాదంటే కూలి పోతుంది, గుడ్లు పోతాయి.

ఇక్కడ మేట్‌నో, టీచరునో తప్పుపట్టి లాభం లేదు. వాళ్లలో చాలామంది మనవాళ్లే, పైనుంచి వచ్చిన ఒత్తిడి మోస్తున్నవాళ్లే. వాళ్లను అడగాల్సినవి చిన్నవి: ఫొటో యాప్‌లోకే పోవాలి, సొంత గ్యాలరీలో ఉండకూడదు, వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు. పైవాళ్లను అడగాల్సినవి పెద్దవి: ఈ ఫొటో ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు చూస్తారు, ముఖం కలవకపోతే సరుకు ఎలా ఇస్తారు? అడ్డతీగల షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం కింద ఇక్కడి గ్రామసభకు, పథకాలకు లబ్ధిదారులను గుర్తించే అధికారం ఉంది. ఈ ప్రశ్నలు తీర్మానంగా రాసి రంపచోడవరం ఐటీడీఏకు పంపవచ్చు.

సంఘాల్లో పనిచేసేవాళ్లు

2019లో వాట్సాప్ ద్వారా పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఫోన్లలో దించారని ఆ కంపెనీయే బయటపెట్టింది. హెచ్చరిక అందుకున్న భారతీయుల్లో ఆనంద్ తేల్తుంబ్డే, ఛత్తీస్‌గఢ్ దళిత హక్కుల కార్యకర్త డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఉన్నారు. అంతటి నిఘాను మన సెట్టింగ్స్ ఆపలేవు. అయినా ఫోన్ అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవడం, తెలియని లింకులు నొక్కకపోవడం పనికొస్తాయి. అత్యాచార కేసుల్లో బాధితుల పేర్లు, ఫొటోలు, వాంగ్మూలాలు గ్రూపుల్లో పెట్టకపోవడం మాత్రం మనం పూర్తిగా చేయగలిగిన పని. నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు తీసిన ఫొటోలు, పనయ్యాక ఒక చోట భద్రపరిచి ఫోన్‌లోంచి తీసేయండి. ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ పెట్టుకోండి. సాక్షి నంబరు మన ఫోన్ నుంచి పోతే ప్రమాదం సాక్షికే.

చట్టంలో మన కులం ఎక్కడ పోయింది

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. ఆ తర్వాత జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదా, 2019 బిల్లు, రెండూ ‘కులం లేదా తెగ’ను సున్నితమైన సమాచారంగా గుర్తించి, దానికి ఎక్కువ రక్షణ ఇచ్చాయి. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ వర్గమే లేదు. ఫోన్ నంబరుకు ఎంత రక్షణో కులానికీ అంతే.

ఆ చట్టంలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. కంపెనీ మన దగ్గర సమాచారం తీసుకునేటప్పుడు ఏది, ఎందుకో చెప్పే నోటీసు తెలుగులో కోరవచ్చు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, చెరిపేయమనవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీల మీద పెట్టిన ఈ ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి ఆ తేదీ నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. సబ్సిడీలు, పథకాల కోసం ప్రభుత్వం తీసుకునే సమాచారానికి మాత్రం అనుమతి అక్కర్లేదని 7వ సెక్షన్ వీలిచ్చింది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారం 17వ సెక్షన్‌లో ఉంది.

దీనికి తోడు 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతును 8(1)(జె) నుంచి తీసేసింది. ఆ మార్పు మాత్రం 18 నెలలు ఆగలేదు, 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. 8(2) సెక్షన్ ఇంకా ఉంది, దరఖాస్తుల్లో దాన్ని ప్రస్తావించండి. మొదట చెప్పుకున్న కొలతతో చూస్తే, ఇక్కడ అంతా తిరగబడింది. అధికారి వివరాలు లోపలికి పోతున్నాయి, లబ్ధిదారుడి వివరాలు అధికారి యాప్‌లోకి చేరుతున్నాయి.

కులం చెప్పవద్దని మేము అనడం లేదు. కులాల లెక్క తేలాలని దశాబ్దాలుగా అడుగుతున్నది మనమే. 2027 జనగణనలో కులం అడుగుతారు, వివరాలు మొబైల్ యాప్‌లోనే ఎక్కిస్తారు. నిర్భయంగా చెప్పండి. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక్కో ఇంటి వివరాన్ని ఎవరూ తెరిచి చూడటానికి లేదు. మొత్తం లెక్క బయటికొస్తుంది, ఇంటి గుట్టు లోపలే ఉంటుంది. అలాంటి తాళం ప్రతి పథకం యాప్‌కూ కావాలన్నదే మన డిమాండ్.

ఇప్పటికే నష్టం జరిగితే

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. కేసు ఏ స్టేషన్‌లోనైనా పెట్టవచ్చు. తమ పరిధి కాదని పంపేయకుండా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. బెదిరింపు మెసేజ్‌లు భయపడి చెరపొద్దు. స్క్రీన్‌షాట్ తీసి, నంబర్లు, సమయాలు కాగితం మీద రాసిపెట్టండి. కులం పేరుతో తిడితే ఫిర్యాదులో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించండి. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలో కులం మీద దూషించినా అట్రాసిటీ చట్టం వర్తిస్తుందని 2022 జూలైలో కేరళ హైకోర్టు చెప్పింది.

లోన్ యాప్‌వాళ్లు బెదిరిస్తుంటే, వాళ్లకంటే ముందు మీరే మీవాళ్లకు చెప్పండి: ‘నా నంబర్లు దొంగిలించారు, నా పేరుతో ఏదొచ్చినా నమ్మకండి’ అని. ఆ ఒక్క మెసేజ్‌తో వాళ్ల చేతిలోని కత్తి మొద్దుబారుతుంది. మనసు కుంగిపోతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పక్కింటివాళ్ల పేరుతో అలాంటి ఫొటో మీ ఫోన్‌కు వస్తే ముందుకు పంపకండి. వెళ్లి వాళ్ల ఇంట్లో కాసేపు కూర్చోండి.